పాత కార్ల ముందు సస్పెన్షన్‌కు మార్పిడి బోల్టులు

కారు ముందు చక్రాలను చట్రానికి పట్టి ఉంచే ఆర్ములు, కమాన్లు, షాక్ అబ్జార్బర్లు, వాటి బుష్‌లు అన్నీ చివరికి కొన్ని బోల్టుల మీదే ఆధారపడి ఉంటాయి. వాటిలో ఒకటి అరిగినా, వంగినా, తుప్పు తిన్నా దాని స్థానంలో మరొకటి వేయాలి. కొత్త కారుకైతే కంపెనీ పార్టు నంబరు చెప్పి తెచ్చుకోవచ్చు. తయారీ ఎప్పుడో ఆగిపోయిన కారుకు ఆ సౌకర్యం లేదు. ఏ వ్యాసం, ఏ మర, ఎంత బలం, ఎంత పొడవు అన్నది యజమానీ మెకానిక్కూ కలిసి తేల్చుకోవాలి. డోరు బోల్టు తెగితే డోరు కిర్రుమంటుంది. ముందు సస్పెన్షన్ బోల్టు తెగితే చక్రం పక్కకు తిరిగి స్టీరింగ్ మాట వినదు. అందుకే పాత కార్ల మరమ్మతులో ఇంజనుకన్నా ముందు శ్రద్ధ పెట్టవలసిన పని ఇది.

వైఎస్సార్ కడప జిల్లాలోని మైదుకూరు ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన చోటు. కడప, కర్నూలు పట్టణాలను కలిపే 40వ నంబరు జాతీయ రహదారీ, బళ్లారి వైపు నుంచి గుత్తి, తాడిపత్రి, ప్రొద్దుటూరు మీదుగా వచ్చి బద్వేలు, నెల్లూరు దాటి కృష్ణపట్నం రేవుకు పోయే 67వ నంబరు రహదారీ ఇక్కడే కలుస్తాయి. ఎర్రగుంట్ల సిమెంటు, కడప బండలు మోసే లారీలు ఈ చుట్టుపక్కల రోడ్లమీదే తిరుగుతాయి. లారీల బరువుకు పడిన గాడులు, ఊరూరా స్పీడు బ్రేకర్లు, పొలాల దారుల్లో రాళ్లు ముందు చక్రాలను రోజూ కొడుతూనే ఉంటాయి. సముద్రపు ఉప్పుగాలి లేకపోవడం వల్ల ఇక్కడి పాత కార్ల రేకు కోస్తా కార్లంత త్వరగా తుప్పు పట్టదు. కానీ ఎండకూ దుమ్ముకూ రబ్బరు బుష్‌లు గట్టిపడి పగులుతాయి. బుష్ పోయిన తర్వాత పడే ప్రతి దెబ్బా నేరుగా బోల్టుకే తగులుతుంది. పైకి బాగా కనిపించే రాయలసీమ కారును కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వాహనాలు, వాటి ముందు భాగాలు

ఈ ప్రాంతంలో పాతబండి అనగానే ముందుగా గుర్తొచ్చేది అంబాసిడర్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ దీన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1957 నుంచి తయారు చేసింది. 2014 మేలో ఆ కర్మాగారంలో పని ఆగిపోయింది. దీని ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు ఉండవు. కింది ఆర్ము నుంచి వెనక్కి చట్రం పొడవునా సాగే టార్షన్ బార్ అనే ఉక్కు కడ్డీ మెలితిరిగి స్ప్రింగు పని చేస్తుంది. ఆ కడ్డీ తిప్పే బలమంతా కింది ఆర్ము పిన్ను, దాని బోల్టుల మీద నిరంతరం ఉంటుంది. బండి ఎక్కడా కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ భారం తగ్గదు. టార్షన్ బార్ బిగువు వదిలించకుండా ఆ బోల్టు జోలికి పోతే ఆర్ము ఒక్కసారిగా విసురుగా వచ్చి చేతులు విరగ్గొట్టగలదు.

ముంబయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలుపెట్టి, 1970ల నడుమ నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతో 2000 ప్రాంతం దాకా తయారు చేసిన కారు రెండోది. దీనికి ముందు వైపు పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్ములూ వాటి మధ్య చుట్ట స్ప్రింగూ ఉంటాయి. చెన్నైలోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ 1960లలో తయారు చేసిన స్టాండర్డ్ హెరాల్డ్ దక్షిణాదిన అభిమానులున్న కారు. దాని ముందు చక్రాన్ని మోసే నిలువు ఇనుప భాగం కింది చివర ఒక కంచు దిమ్మెలోకి మరతో దిగి ఉంటుంది. స్టీరింగ్‌తో చక్రం పక్కకు తిరిగినప్పుడల్లా ఆ మరే తిరుగుతుంది. అక్కడ గ్రీజు కాక గేరు ఆయిలు పోయాలని తయారీదారు చెప్పాడు. ఏళ్ల తరబడి ఆయిలు అందకపోతే ఆ మర ఎండి, అరిగి, నిలువు భాగం విరిగిపోవడం ప్రపంచమంతటా ఈ కారుకున్న అపకీర్తి. ఆ దిమ్మె గుండా పోయే పొడుగాటి బోల్టు లోపలి ఉక్కు గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. సుత్తితో కొట్టి, గ్యాసుతో ఎర్రగా కాల్చి దాన్ని బయటికి లాగినవాళ్లు మళ్లీ అదే బోల్టు వేయకూడదు.

జీపు సంగతి వేరు. మహీంద్రా సంస్థ 1940ల చివర విల్లీస్ జీపుల్ని బిగించడంతో మొదలైన ఈ వంశంలో ముందు కూడా కమాన్ కట్టలే ఉంటాయి. కమానును యాక్సిలుకు పట్టేవి యూ బోల్టులు. కమాను ఆకుల్ని కలిపి ఉంచేది సెంటర్ బోల్టు. కొసను చట్రానికి వేలాడదీసేవి షాకిళ్లు. పాత జీపుల్లో కొన్ని షాకిళ్లకు ఎడమ మర ఉంటుంది. ఆ సంగతి తెలియక మామూలు దిక్కున విప్పబోతే మరింత బిగుసుకుని తెగుతుంది.

మర: మొదటి చిక్కు

రాయలసీమ మెకానిక్ షెడ్డులో ఒకే పెట్టెలో మూడు నాలుగు రకాల మరల బోల్టులు కలిసిపోయి ఉండటం మామూలే. దానికి చరిత్ర ఉంది. బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మరకు పళ్ల మధ్య కోణం 55 డిగ్రీలు. అందులోంచే తర్వాత సన్నమర బీఎస్ఎఫ్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల విడిభాగాలు ఒకదానికొకటి సరిపడక నానా ఇబ్బందులూ పడ్డ తర్వాత, 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా దేశాలు 60 డిగ్రీల ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. దాని సన్నరకం యూఎన్ఎఫ్, ముతకరకం యూఎన్‌సీ. అంబాసిడర్, హెరాల్డ్, జీపు చాలావరకు ఈ అంగుళాల కుటుంబానికి చెందినవి. ఫియట్ వంశంలోని పద్మినిది మిల్లీమీటర్ల మర, అందులోనూ ఎక్కువగా సన్నమర. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారినా, అంబాసిడర్ చట్రం అంగుళాలతోనే కొనసాగింది. 1990లలో అదే కారుకు ఇసుజు ఇంజను పెట్టడంతో ఇంజను వైపు మిల్లీమీటర్లు, చట్రం వైపు అంగుళాలు అయ్యాయి. ఇంజను నుంచి తీసిన బోల్టును సస్పెన్షన్‌లో వాడే ప్రమాదం అక్కడ పుట్టింది.

కొన్ని కొలతలు దగ్గరగా ఉండటమే అసలు మోసం. మూడు నూళ్ల బోల్టు, అంటే 3/8 అంగుళం, 9.52 మిల్లీమీటర్లు. అదే వ్యాసంలో యూఎన్ఎఫ్‌కు అంగుళానికి 24 మరలు, బీఎస్ఎఫ్‌కు 20, యూఎన్‌సీకి 16. ఇవి ఒకదానికొకటి ఎక్కవు. రెండు చుట్లకే పట్టేస్తాయి కాబట్టి జాగ్రత్తపడతాం. అసలు ప్రమాదం ఎక్కేవాటితోనే. అర అంగుళం యూఎన్ఎఫ్ నట్టు తీసుకుని అందులోకి 12 మిల్లీమీటర్ల, 1.25 పిచ్ సన్నమర బోల్టును చేత్తో తిప్పి చూడండి. ఆ నట్టుకు అంగుళానికి 20 మరలు, అంటే పిచ్ (ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం) 1.27 మిల్లీమీటర్లు. తేడా వెంట్రుకవాసి. నట్టు హాయిగా చివరిదాకా తిరుగుతుంది. కొంచెం ఊగుతుంది, అంతే. కానీ అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. బోల్టు 0.7 మిల్లీమీటరు సన్నం. మర పళ్లు సగం ఎత్తు కూడా ఒకదానికొకటి పట్టుకోవు. పానా వేసి కాస్త బిగించగానే బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. మొదటి గుంతలో పడ్డప్పుడు ఆ పళ్లు చీరుకుపోయి నట్టు ఊడివస్తుంది. చేత్తో ఎక్కింది కాబట్టి సరిపోయిందనుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క జత చెబుతుంది.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. వెర్నియర్ కాలిపర్‌తో వ్యాసం, మర గేజితో పిచ్ కొలవాలి. రెండు కొలతలూ కలిస్తేనే మర తెలిసినట్టు. పాత బోల్టు అరిగి ఉంటే వ్యాసాన్ని మర మీద కాక అరగని నున్నటి భాగం మీద చూడాలి. అసలు బోల్టే పోయి వేరేది ఉన్నట్టయితే బండి రెండో వైపు అదే చోట ఉన్న బోల్టును చూడాలి. రెండు వైపులా వేర్వేరుగా ఉంటే పాత మెకానిక్ ఎవరో అప్పటికే చేయిపెట్టారని అర్థం. అప్పుడు వర్క్‌షాపు మాన్యువల్‌నే నమ్మాలి.

తల మీది అంకెలు

మెట్రిక్ బోల్టు తల మీద 8.8, 10.9 లాంటి అంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటి అంకెను 100తో గుణిస్తే ఆ ఉక్కు తెగే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది. రెండోది ఎన్ని పదో వంతుల దగ్గర అది తిరిగిరాని సాగుదలకు లోనవుతుందో చెబుతుంది. అంటే 8.8 బోల్టు 800 దగ్గర తెగుతుంది, 640 దగ్గర సాగడం మొదలుపెడుతుంది. ఈ లెక్క అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 898లోది. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1367 మూడో భాగం అదే చెబుతుంది. అంగుళాల బోల్టులకు గీతల భాష ఉంది. అమెరికా పద్ధతిలో తల మీద ఏ గీతా లేకపోతే బలహీనమైన రెండో గ్రేడు. మూడు గీతలుంటే అయిదో గ్రేడు, ఇంచుమించు 8.8కు సమానం. ఆరు గీతలుంటే ఎనిమిదో గ్రేడు, ఇంచుమించు 10.9కు సమానం. పాత బ్రిటిష్ బోల్టుల మీద ఆర్, ఎస్, టీ అనే అక్షరాలు కనిపిస్తాయి. ఎస్ అంటే చదరపు అంగుళానికి 50 టన్నులు, సుమారు 770 మెగాపాస్కల్స్. బలం వరకు చూస్తే ఆ స్థానంలో 8.8 గానీ, అంగుళాల అయిదో గ్రేడు గానీ పనికొస్తుంది.

తల మీద ఏ గుర్తూ లేని బోల్టును సస్పెన్షన్‌లో వేయకూడదు. ఇందులో మినహాయింపు లేదు. గేటుకూ రేకుల షెడ్డుకూ అమ్మే మామూలు బోల్టు 4.6 తరగతిది. 10 మిల్లీమీటర్ల ముతక మర బోల్టునే తీసుకుంటే, శాశ్వతంగా సాగకుండా 4.6 మోసేది సుమారు 1,300 కిలోలు, 8.8 మోసేది సుమారు 3,400 కిలోలు, 10.9 మోసేది సుమారు 4,900 కిలోలు. పైకి మూడూ ఒకేలా ఉంటాయి.

అంకె ఒక్కటే చాలదు. తల మీద తయారీదారు ముద్ర కూడా ఉండాలి. అంకె వేసి ముద్ర వేయని బోల్టుకు బాధ్యుడు లేడు. నకిలీ గ్రేడు గుర్తుల బోల్టులు అమెరికాలోనే ఎంత గొడవ తెచ్చాయంటే అక్కడి ప్రభుత్వం 1990లో వాటి కోసమే ఒక చట్టం చేయవలసివచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023లో బోల్టులు, నట్లు, ఇతర ఫాస్టెనర్లకు నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది.

బిగువు ఎలా పనిచేస్తుంది

బోల్టు అడ్డంగా వచ్చే దెబ్బను తన ఒంటితో ఆపుతుందని చాలామంది అనుకుంటారు. మంచి బిగింపులో జరిగేది అది కాదు. బిగించినప్పుడు బోల్టు కొంచెం సాగుతుంది. సాగిన ఉక్కు తిరిగి కుంచించుకోవాలని లాగుతూ రెండు భాగాలను ఒకదానికొకటి అదిమి పెడుతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే ఆర్మును జారకుండా ఆపుతుంది. 10 మిల్లీమీటర్ల 8.8 బోల్టును సరిగా బిగిస్తే అది సుమారు రెండున్నర టన్నుల బలంతో అదుముతుంది. ఆ బలం ఉన్నంతకాలం గుంతల దెబ్బలు బోల్టుకు పెద్దగా తెలియవు. బిగువు తగ్గిన మరుక్షణం భాగాలు ఇటూ అటూ జారడం మొదలై, ప్రతి జారుడుకూ బోల్టు వంగుతూ లేస్తూ ఉంటుంది. ఒక్క దెబ్బకు తెగే బోల్టులు తక్కువ. వేలసార్లు వంగి అలసిపోయి తెగేవే ఎక్కువ.

ఇందువల్లే బలహీనమైన బోల్టును గట్టిగా బిగించి లోటు పూడ్చలేం. రెండున్నర టన్నుల బిగువుకు ఆ వ్యాసంలో ముతక మర బోల్టుకు సుమారు 50 న్యూటన్ మీటర్ల టార్కు కావాలి, మెకానిక్కుల లెక్కలో అయిదు కేజీలు. అదే టార్కు 4.6 బోల్టుకు ఇస్తే అది పానా కిందే సాగిపోతుంది, లేదా తెగిపోతుంది. సాగింది తెగకుండా మిగిలితే ఇంకా ప్రమాదం. బిగుసుకున్నట్టే కనిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు. మరకు ఆయిలు గానీ గ్రీజు గానీ రాస్తే రాపిడి తగ్గి అదే టార్కుకు బిగువు మూడో వంతు దాకా పెరగొచ్చు. మాన్యువల్లో ఉన్న టార్కు పొడి మరకా, ఆయిలు రాసిన మరకా అన్నది చూసుకోవాలి. ఇక్కడ చెప్పిన అంకెలు విషయం అర్థం కావడానికి మాత్రమే. ఏ బోల్టుకు ఎంత అన్నది ఆ కారు మాన్యువల్లోదే చెల్లుతుంది.

నున్నటి కాడ, మర పొడవు

దుకాణంలో పొడవు మాత్రమే చెప్పి బోల్టు అడిగితే తలదాకా మర ఉన్నది చేతిలో పెడతారు. సస్పెన్షన్‌కు అది పనికిరాదు. బోల్టు తల కింద మర లేని నున్నటి కాడ ఉండాలి. ఆర్మూ బ్రాకెట్టూ కలిసే గీటు ఆ కాడ మీదే పడాలి. 10 మిల్లీమీటర్ల బోల్టు కాడ కోత వైశాల్యం 78.5 చదరపు మిల్లీమీటర్లు. మర ఉన్నచోట పనికొచ్చేది 58 మాత్రమే. పైగా మర లోయ ప్రతిదీ పగులు మొదలయ్యే చోటే. మర పళ్లు రంధ్రం అంచును ఆకురాయిలా అరగదీసి గుండ్రటి రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారం చేస్తాయి. రంధ్రం పెద్దదయ్యాక కొత్త బోల్టు ఎంత మంచిదైనా ఫలితం ఉండదు. బ్రాకెట్టునే బాగుచేయాలి.

కాడ మరీ పొడవైనా కుదరదు. నట్టు మర చివరకు వచ్చి కాడకు తగిలి ఆగిపోతుంది. బిగిసిందనిపిస్తుంది గానీ భాగాలు అదమబడవు. ఆ ఖాళీని మూడు నాలుగు వాషర్లు వేసి నింపడం చాలాచోట్ల కనిపించే అలవాటు. సరైన కాడ ఉన్న బోల్టు దొరకకపోతే, కాస్త పొడవైన గ్రేడు బోల్టు తెచ్చి మర వైపు చివర కోయించుకోవడం మేలు. చివర కోస్తే బలం తగ్గదు. బిగించాక నట్టు అవతల రెండు మూడు మరలు కనిపిస్తే చాలు.

లేత్ బోల్టు

ఈ విషయంలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. పార్టు దొరకనప్పుడు లేత్ దగ్గరికి వెళ్లడం మన దగ్గర సహజం. ప్రొద్దుటూరులో, కడపలో, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మేస్త్రుల చేతిపని మీద ఎన్నో పాత బండ్లు నేటికీ తిరుగుతున్నాయి. బుష్ గొట్టాలు, స్పేసర్లు, హబ్ భాగాలు వాళ్లు చేసినవి కంపెనీ పార్టుకు ఏ మాత్రం తీసిపోవు. కానీ సస్పెన్షన్ బోల్టు మాత్రం లేత్ మీద చేయించుకోకూడదని గట్టిగా చెప్పాలి. ఇది మేస్త్రి నైపుణ్యం మీద మాట కాదు, ఉక్కు స్వభావం గురించిన మాట.

కర్మాగారంలో బోల్టు తలను చల్లటి ఉక్కు తీగ మీద అచ్చుతో కొట్టి తయారు చేస్తారు. మరను కోయరు. గట్టి అచ్చుల మధ్య దొర్లించి ఒత్తుతారు. ఉక్కులోని పొరలు తెగకుండా మర ఆకారం వెంట వంపు తిరుగుతాయి. మర లోయ అడుగున ఉక్కు ఒత్తుకుపోయి ఉంటుంది కాబట్టి పగులు అంత సులువుగా పుట్టదు. తర్వాత కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ వేడిచేసి పదును పెడతారు. లేత్ మీద కడ్డీని తొలిచి మర కోస్తే పొరలన్నీ తెగుతాయి. లోయ అడుగు కత్తి మొనలా వాడిగా మిగులుతుంది. తల కింద మూల గుండ్రంగా కాక వాడిగా ఉంటుంది. చేతికందిన కడ్డీ మామూలు మైల్డ్ స్టీలు అయితే బలం 4.6 బోల్టుకు సమానం. కాస్త మెరుగైన ఈఎన్8 కడ్డీ తెచ్చినా, దానికి సరైన పదును పెట్టకపోతే 8.8 అవదు. జీపుల యూ బోల్టులను కడ్డీ ఎర్రగా కాల్చి వంచి చేసేవాళ్లున్నారు. అందులోనూ ఇదే లోపం. పైగా యూ బోల్టు ఒకసారి బిగించాక సాగుతుంది కాబట్టి, కమాను విప్పినప్పుడల్లా కొత్తది వేయడమే మంచిది.

బండికి ఇంతకన్నా గట్టిది వేద్దామని 12.9 బోల్టు తెచ్చేవాళ్లు మరో వైపున ఉన్నారు. నల్లటి అలెన్ తల బోల్టుల్లో ఈ తరగతి సులువుగా దొరుకుతుంది. గట్టిదనం పెరిగేకొద్దీ ఉక్కు సాగే గుణం తగ్గుతుంది, చిన్న గీతకు కూడా పెళుసుగా స్పందిస్తుంది. 8.8 ఉన్నచోట 8.8, లేదా ఒక మెట్టు పైన 10.9 వేయవచ్చు. దానికి తగిన నట్టు ఉండాలి. తయారీదారు చెప్పని చోట 12.9 వేయడం మెరుగు కాదు.

మెరుపు కోసం చేసే తప్పులు

పాత కార్లను ముచ్చటగా తీర్చిదిద్దేవాళ్లు పాత బోల్టులను యాసిడ్‌లో ముంచి తుప్పు వదిలించి, జింకు పూత వేయిస్తుంటారు. యాసిడ్‌లోనూ పూత తొట్టిలోనూ ఉక్కులోకి హైడ్రోజన్ దూరుతుంది. గట్టి ఉక్కు, ముఖ్యంగా 10.9కు పైన, ఆ హైడ్రోజన్‌తో పెళుసెక్కుతుంది. బిగించినప్పుడు బాగానే ఉంటుంది. కొన్ని గంటలకో రోజులకో, షెడ్డులో నిలబడి ఉండగానే తల టపీమని ఎగిరిపోవచ్చు. పూత వేసిన కొద్ది గంటల్లోనే సుమారు 200 డిగ్రీల వేడిలో చాలాసేపు ఉంచి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి. చిన్న పూత దుకాణాల్లో ఆ పని చేశారో లేదో తేల్చుకునే మార్గం లేదు. కాబట్టి తుప్పును తీగ బ్రష్షుతో వదిలించి, చెడినదైతే పూతతో సహా కర్మాగారం నుంచి వచ్చిన కొత్తది కొనడమే దారి.

స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు తుప్పు పట్టదని ఆశపడటం మరో పొరపాటు. మామూలుగా దొరికే ఏ2-70 రకం 450 మెగాపాస్కల్స్ దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. 8.8కు అది 640. దాని మర బిగించేటప్పుడు నట్టుకు అంటుకుపోయే గుణం కూడా ఉంది. నంబరు ప్లేటుకు, బంపరు అలంకారాలకు వాడుకోవచ్చు.

నట్టు ఊడకుండా వెల్డింగ్ చుక్క పెట్టడం, పట్టేసిన బోల్టును ఎర్రగా కాల్చి మళ్లీ వాడటం ఉక్కు పదును పోగొట్టే పనులు. కాల్చిన బోల్టును గుజిరీలో వేయాలి.

నట్టు, వాషరు

బోల్టు తరగతికి నట్టు తరగతి తగ్గకూడదు. 8.8 బోల్టుకు 8 అంకె ఉన్న నట్టు, 10.9కు 10 అంకె ఉన్నది. నైలాన్ రింగు ఉన్న నట్టును ఒకసారి విప్పితే పారేయాలి. కోట నట్టుకు స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తదే. పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును వెనక్కి వదలకుండా ముందుకు బిగించి కలపాలి. ఒకచోట చీలి ఉండే స్ప్రింగు వాషరు మీద మన మెకానిక్కులకు ఉన్న నమ్మకం పెద్దది. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ జంకర్ 1969లో ప్రచురించిన పరిశోధన, అడ్డంగా వచ్చే కదలికే నట్టును వదులు చేస్తుందని నిరూపించింది. ఆ కదలికను ఆపడంలో మామూలు స్ప్రింగు వాషర్లు చాలా బలహీనమని తర్వాతి పరీక్షల్లోనూ తేలింది. గట్టి చదును వాషరు, సరైన బిగువు, లాకింగ్ నట్టు ఇవే నమ్మదగినవి.

పాత బోల్టును చదవడం

విప్పిన బోల్టును పారేసే ముందు దాన్ని కిరోసిన్‌తో కడిగి వెలుతురులో చూడాలి. అద్దం పలక మీద దొర్లిస్తే వంపు తెలుస్తుంది. కాడ మీద మెరిసే మెట్టు కనిపిస్తే బుష్ గొట్టం బిగువు లేక తిరుగుతోందని అర్థం. నట్టు కొన్ని మరల దగ్గర బిగుసుకుని మరికొన్ని చోట్ల వదులైతే బోల్టు సాగింది. విరిగిన బోల్టు ముఖం ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఒక అంచు నుంచి నున్నగా, మసకగా, అర్ధచంద్రాకారపు గీతలతో కొంత భాగం వ్యాపించి ఉంటుంది. మిగతాది గరుకుగా, కొత్త ఇనుము రంగులో మెరుస్తుంది. నున్నటి భాగం నెలల తరబడి కొద్దికొద్దిగా పెరిగిన పగులు. గరుకు భాగం చివరి దెబ్బకు తెగింది. నున్నటి భాగం సగానికి మించితే ఆ బోల్టు చాలాకాలంగా బిగువు లేకుండా తిరిగిందన్నమాట. అప్పుడు కొత్త బోల్టు వేసి ఊరుకుంటే చాలదు. బుష్, గొట్టం, బ్రాకెట్టు రంధ్రం అన్నీ చూడాలి. ఎక్కువ సార్లు విరిగే చోట్లు మూడు: నట్టు పట్టే మొదటి మర, మర ముగిసి కాడ మొదలయ్యే చోటు, తల కింది మూల.

కొనడం, చట్టం

మైదుకూరులో, ప్రొద్దుటూరులో హార్డ్‌వేర్ దుకాణాల్లో మెట్రిక్ గ్రేడు బోల్టులు దొరుకుతాయి. యూఎన్ఎఫ్ కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్, బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై స్పేర్‌పార్టుల బజార్లు చూడాలి. చెన్నైలోని సుందరం ఫాస్టెనర్స్ లాంటి పేరున్న తయారీదారుల ముద్ర ఉన్నది, బిల్లుతో కొనాలి. గుజిరీలో తీసిన సస్పెన్షన్ బోల్టు ఎంత కొత్తగా కనిపించినా దాని గతం ఎవరికీ తెలియదు.

2021 జూలైలో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా కాపాడుకున్న వాహనాలకు వింటేజ్ గుర్తింపు, వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు లభిస్తాయి. సస్పెన్షన్‌ను అసలు పద్ధతిలోనే ఉంచి, బోల్టులు మాత్రం మంచివి వేయడం ఆ గుర్తింపుకూ భద్రతకూ సరిపోయే మార్గం.

బిగించే పద్ధతి

రబ్బరు బుష్ ఉన్న బోల్టును జాకీ మీద చక్రం వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి నేల మీదికి దిగగానే బుష్ మెలితిరిగి, కొద్ది నెలల్లో చిరుగుతుంది. నట్టును చేత్తో పెట్టి, బండిని చక్రాల మీద నిలబెట్టి, నాలుగైదుసార్లు కిందికి ఒత్తి వదిలిన తర్వాత టార్క్ పానాతో బిగించాలి. నిలువుగా ఉండే బోల్టును తల పైకి ఉండేలా వేస్తే, ఎప్పుడైనా నట్టు ఊడినా బోల్టు వెంటనే జారిపోదు. పక్కకు ఉండే బోల్టు చివర టైరుకు గానీ బ్రేకు గొట్టానికి గానీ తగలకూడదు. బండిని నడిపిన తర్వాత మొదటి 100 కిలోమీటర్లలోపు ఒకసారి, తర్వాత ప్రతి సర్వీసులోనూ బిగువు పరీక్షించాలి. నట్టు మీదా బ్రాకెట్టు మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీస్తే, నట్టు కదిలిందో లేదో కిందికి వంగి చూసినా తెలుస్తుంది.

పాత కారు యజమానులకు ఒక విన్నపం. మీ కారు ముందు సస్పెన్షన్‌లో ఏ బోల్టు ఎక్కడ, ఏ మర, ఏ తరగతి, ఎంత టార్కు అన్నది ఒక కాగితం మీద రాసి బండి పత్రాలతోపాటు ఉంచండి. రేపు ఆళ్లగడ్డ దగ్గరో బద్వేలు దారిలోనో బండి ఆగితే, మీ కారును మొదటిసారి చూసే మెకానిక్ చేతికి ఆ కాగితం ఇవ్వండి.